సెలవుల గోల

డిసెంబర్ 7

షాపులో ఇవాళ్టి నుంచి సెలవుల పాటలు మొదలెట్టారు. పైన మూడంతస్తుల బట్టల షాపు, కింద సెల్లారులో మా ఆల్టరేషన్ గది. కొనుక్కోవడాలు పైన, పొట్ట పట్టలేదని వదులు చేయించుకోవడాలు కింద. పాటలు మాత్రం అందరికీ సమానంగా పంచారు. సరిగ్గా నా మిషను నెత్తిమీదే స్పీకరు. గంటల చప్పుడు, పిల్లల గొంతులు, ఇల్లు, వెచ్చదనం, నువ్వొస్తే అంతే చాలు. ఒక ప్యాంటు అంచు కుట్టేలోపు ఒక పాట అయిపోతుంది. సాయంత్రానికి తలకాయ నిండా పాకం.

మామూలుగా అయితే డ్యూటీ దిగగానే బస్సుల గ్యారేజీకి వెళ్ళి మా తమ్ముడు చిన్నోడికి చెప్పేదాన్ని. "మొదలైందిరా" అంటే చాలు, చేతిలో స్పానరు కింద పడేసి చెవులు మూసుకునేవాడు. తల సగం నెరిసిన మెకానిక్కు, నాకింకా చిన్నోడే. ఆ తర్వాత టీ తాగుతూ ఈ ఏడాది ఏ రికార్డులు వెయ్యాలో ఇద్దరం కొట్టుకునేవాళ్ళం.

ఇవాళ కూడా కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. గేటు చూశాక గుర్తొచ్చింది.

డిసెంబర్ 8

ఆసుపత్రికి వెళ్ళాను. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్టోబర్లో బస్సు కింద దూరి బోల్టు బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారట పక్కవాళ్ళు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. కాలు కాస్త వచ్చింది. చెయ్యి వస్తానంటోంది. మాట రాలేదు.

"అర్థమవుతుంది వదినా, అన్నీ అర్థమవుతాయి" అంటుంది మరదలు. అర్థమైతే నన్ను చూడగానే కళ్ళెందుకు మూసుకుంటాడు? అలసట.

డిసెంబర్ 10

రేడియో స్టేషన్ పెద్దాయన షాపుకొచ్చాడు, చొక్కాకి అరిగిన కాలరు తిప్పించుకోవాలని. అసలు పని అది కాదని నాకు తెలుసు.

"సూదీ, ఈసారి గోల ఉన్నట్టా లేనట్టా?"

నన్ను సూది అని పిలిచేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు మిగిలారేమో. మా బ్యాండ్ 'తుప్పు మేకులు' రోజుల్లో పెట్టిన పేరు. నేను పాడేదాన్ని, అంటే అరిచేదాన్ని. చిన్నోడు డ్రమ్ములు. బ్యాండ్ ఎప్పుడో పోయింది. మిగిలింది ఏడాది ఆఖరి సాయంత్రం మేమిద్దరం రేడియోలో చేసే 'సెలవుల గోల' ఒక్కటే. ఆ రోజు ఊరంతా తేనె ఒలకబోస్తుంటే, మేం గొంతు చించుకుని పాడే పంక్ బ్యాండ్ల వాళ్ళు కట్టిన సెలవుల పాటలు వేస్తాం. వినేవాళ్ళు కొద్దిమందే. కానీ మొండివాళ్ళు.

"ఉన్నట్టే" అన్నాను. "ఇద్దరమూ వస్తాం."

పెద్దాయన నా మొహం వంక కాసేపు చూసి, కాలరు సంగతి ఎత్తాడు.

డిసెంబర్ 11

ఆలోచించాను. వాడికి ఈ మందులూ, బంతి నొక్కడాలూ కాదు కావలసింది. వాడికి కావలసింది వాడి పాటలు. ఆ వార్డులో ఏముంది వినడానికి? ట్రాలీ చక్రాలు, దగ్గులు.

అందుకని రోజుకొక ఆల్బమ్ తీసుకెళ్తాను. ప్లేయరు, పెద్ద హెడ్‌ఫోన్లు. ముప్ఫయ్యొకటో తారీకు వేసే పాటలూ అలాగే తేలిపోతాయి.

మొదటిది వేరే ఏదైనా అయితే వాడు ఒప్పుకోడు. 'రెండో షిఫ్టు' వాళ్ళ 'సెలవు మంజూరు కాలేదు'. సెలవుల పాటల్లో ఇంతకుమించినది రాలేదు, రాదు. అందరూ ఇంటికి వెళ్ళిపోతే ఫ్యాక్టరీలో మిగిలిపోయిన నలుగురి గురించి మొత్తం ఆల్బమ్. ఒక్క పాటా రెండు నిమిషాలు దాటదు. మొదటి పాటకి ముందు ఎవరో దగ్గుతారు, దాన్ని కోసెయ్యలేదు వాళ్ళు. డ్రమ్ములవాడు ప్రతి దెబ్బకీ వెంట్రుకవాసి ఆలస్యం. "వాడు డ్యూటీ చేసి అలిసిపోయి వచ్చాడే, అందుకే ఆలస్యం" అనేవాడు చిన్నోడు. అలా వాయించాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు, కుదరలేదు. కావాలని ఆలస్యం చెయ్యడం కష్టంట.

హెడ్‌ఫోన్లు పెట్టాను. రెండో పాటకి పెదవి ఎడం వైపు లేచింది. నవ్వాడు.

డిసెంబర్ 12

కాలు ఊపాడు. తాళానికే. నేను చూశాను.

డిసెంబర్ 14

ఆదివారం, మధ్యాహ్నమంతా అక్కడే. 'పళ్ళ డాక్టర్లు' వాళ్ళ 'మామయ్యకి మైకు ఇవ్వకండి' తీసుకెళ్ళాను. ఒక కుటుంబం సెలవులకి ఒకచోట చేరి సాయంత్రానికి కుర్చీలు విరగ్గొట్టుకోవడం. సరదా పాట అనుకుంటారు అందరూ. నాలుగోసారి విన్నాక తెలుస్తుంది, ఆ మామయ్య ఏదో చెప్పాలని లేచి నిలబడ్డాడనీ, ఎవరూ చెప్పనివ్వలేదనీ. మొదట్లో నాకూ తెలియలేదు. చిన్నోడే చెప్పాడు.

మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, గొంతు ఎప్పుడూ ఎత్తకుండా మాట్లాడుతుంది. హెడ్‌ఫోన్లు ఒక చెవి మీద నుంచి ఎత్తి విని, మళ్ళీ పెట్టకుండా చేత్తోనే పట్టుకుంది.

"ఇది ఆయన అడిగారా?"

"ఎలా అడుగుతాడమ్మా, మాట లేదుగా. వాడికి ఇవంటే ప్రాణం. మొన్న నవ్వాడు. నిన్నా మొన్నా కాలు ఊపాడు."

"కాలు దానంతట అదే కదులుతుందండీ. కండరం బిగుసుకుని. నవ్వు కూడా చూడాలి, ఆ వైపు ఒక్కటే పని చేస్తోంది కాబట్టి దేనికైనా అదే లేస్తుంది. చప్పుడు కొంచెం తగ్గిస్తే మంచిది. ఇలాంటివాళ్ళకి శబ్దాలు విడివిడిగా వినిపించవు. అన్నీ ఒక్కసారే మీద పడతాయి."

తగ్గించాను, ఆవిడ ఉన్నంతసేపు. పంక్ తగ్గించి వింటే ఏమవుతుందో ఆవిడకి తెలియదు. పక్కింట్లో గొడవలా ఉంటుంది.

డిసెంబర్ 15

షాపులో ఊపిరి సలపని పని. సెలవుల ముందు ఊళ్ళో అందరూ ఒక్కసారే లావైపోతారు. ఒకావిడ కోటు మూడు అంగుళాలు వదులు చెయ్యమంది, కుట్టు లోపల మిగిలి ఉన్న గుడ్డ అంగుళమే. సూపర్‌వైజరు "ఎలాగోలా చూడండి" అన్నాడు. గుడ్డ పెరగదని ఆయనకి చెప్పే ఓపిక నాకు లేదు.

డిసెంబర్ 17

వార్డు తలుపు దగ్గరే ఆగిపోయాను.

చిన్నోడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మరదలు పక్కన చేరి గోళ్ళు తీస్తోంది. నర్సుల గదిలోంచి రేడియో సన్నగా వినపడుతోంది. అదే, షాపులో నా నెత్తిన పోసే పాట. గంటలూ, వెచ్చదనమూ. చిన్నోడు దాన్ని ముక్కుతో పాడుతున్నాడు. మాటల్లేకుండా, స్వరం తప్పకుండా, కళ్ళు సగం మూసుకుని. చరణం దగ్గర పైకెళ్ళే చోట కూడా పైకి వెళ్ళాడు.

మరదలు నన్ను చూసి నవ్వింది. "రండి వదినా. నిన్నటి నుంచీ పాడుతున్నారు."

నేను లోపలికి వెళ్ళగానే ఆపేశాడు.

హెడ్‌ఫోన్లు సంచీలోంచి తియ్యలేదు. బస్సులో ఇంటికొస్తూ నాకు నేనే నవ్వుకున్నాను. మనిషికి తలలో రక్తం గడ్డకడితే ఇష్టాలు కూడా మారిపోతాయి కాబోలు.

డిసెంబర్ 18

డాక్టరమ్మని అడిగాను. మాటలుండే చోటు వేరు, రాగం ఉండే చోటు వేరట. మాట పోయినవాళ్ళకి కూడా పాట మిగలొచ్చట. కొందరికి పాడుతూ పాడుతూ మాట దొరుకుతుందట.

"అందరికీ కాదు" అంది. ఆ ముక్క ఆవిడ వృత్తి కోసం అన్నది.

అయితే దారి ఉంది. ఆ తీపి పాటే ఇంత పని చేస్తే, వాడు చేతులారా వాయించిన పాటలు ఎంత చెయ్యాలి? కావలసింది వార్డు కాదు. స్టేషన్. ఆ గది, ఆ మైకు, ఆ రోజు.

డిసెంబర్ 19

'చిల్లు బకెట్టు' వాళ్ళ 'చుట్టాలు వెళ్ళిపోయాక'. ఒక్క బేస్ గిటారు, ఒక్క గొంతు. అందరూ వెళ్ళిపోయిన ఇంట్లో గ్లాసులు కడుగుతున్న మనిషి. దీన్ని మధ్యలో వెయ్యాలి, మొదట్లో కాదు. వార్డుకి తీసుకెళ్ళలేదు. ఇంట్లోనే విన్నాను.

డిసెంబర్ 21

మరదలు నన్ను వరండాలోకి పిలిచింది. నీళ్ళ కూలరు పక్కన నిలబడ్డాం.

"సెలవులు కాగానే మా ఊరు తీసుకెళ్ళిపోదామనుకుంటున్నా వదినా. మా చెల్లెలిది కింది వాటా, మెట్లుండవు. అది నర్సు కదా, చూసుకుంటుంది. ఇక్కడ నాకొక్కదానికీ అవట్లేదు."

"నేను లేనా?"

 తను కూలరులోంచి నీళ్ళు పట్టుకుంది, తాగలేదు. గ్లాసు అలా పట్టుకుని నిలబడింది.

"ఆ హెడ్‌ఫోన్లు తేవద్దు వదినా. మీరొచ్చే వేళకి కళ్ళు మూసుకుంటున్నారు. మీరు వెళ్ళాక చాలాసేపటికి గానీ తెరవరు."

"అలసట. అయినా ముప్ఫయ్యొకటిన స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను. ఒక్క గంట. డాక్టరమ్మే అంది పాటతో మాట వస్తుందని."

అప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"ఆయన ఈ ఏడాది గోల మానేద్దామనుకున్నారు. ఎండాకాలం నుంచీ అంటున్నారు. గ్యారేజీలో రోజంతా ఇంజన్లే, ఇంటికొస్తే ఫ్యాను చప్పుడు కూడా పడేది కాదు. రికార్డులన్నీ అటక మీద పెట్టించారు. మీకు చెప్పమంటే, అక్కకి ఎలా చెప్పనే అనేవారు."

"నాతో అనలేదే."

"అనడానికి మీరు మధ్యలో ఆగితే కదా వదినా."

డిసెంబర్ 22

అబద్ధం.

డిసెంబర్ 23

తను ఎప్పుడూ ఈ పాటలంటే మొహం చిట్లించేది. పెళ్ళయిన కొత్తలో మా ప్రాక్టీసుకి ఒకసారి వచ్చి చెవుల్లో దూది పెట్టుకుంది. ఇప్పుడు వాడికి మాట లేదు కాబట్టి వాడి తరఫున ఏదైనా చెప్పొచ్చు.

అటక మీద పెట్టించాడంటే ఇంట్లో చోటు లేక.

డిసెంబర్ 26

ఈ ఏడాది పాటలు ఖాయం చేశాను. ఒక్కదాన్నే చేస్తే ఎంత తొందరగా అయిపోతుందో. మొదటిది 'రెండో షిఫ్టు'. తర్వాత 'పళ్ళ డాక్టర్లు'. ఆ తర్వాత వాడికోసం, మా పాతది, 'తుప్పు మేకులు' ఏకైక రికార్డులోంచి 'ఇంటికి రాను'. డ్రమ్ములు మొత్తం వాడే. మధ్యలో 'చిల్లు బకెట్టు'. ఆఖరిది 'ఇస్త్రీ పెట్టె' అనే ముగ్గురు ఆడవాళ్ళ బ్యాండు, 'ఒక్కదాన్నే' అనే పాట. పంక్‌లో ఇంత నిదానమైన పాట ఇంకోటి ఉండదు. అరవాల్సిన చోట గొంతు తగ్గిస్తుంది ఆ పిల్ల. చిన్నోడికి ఇది నచ్చదు. "నిద్రొస్తుందే" అనేవాడు. వాడు అడ్డం చెప్పలేడు కాబట్టి వేసేస్తున్నాను.

రాశాక చదువుకుంటే ఈ ఆఖరి వాక్యం బాగాలేదు. ఉండనీ.

డిసెంబర్ 29

వార్డు డాక్టరు సాయంత్రం బయటికి తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. నడక బాగుపడుతోంది, గాలి మార్పు మంచిదే అన్నాడు. మరదలికి కూడా అదే చెప్పాను. నది ఒడ్డుకి తీసుకెళ్తానని.

"మీరిద్దరేనా? నేనూ రానా?"

"నువ్వూ మనిషివేగా. ఒక్క పూట ఇంటికెళ్ళి పడుకో."

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. రెండు నెలల్లో తనకి ఇలా చెప్పినవాళ్ళు లేరట.

అబద్ధమేమీ కాదు. స్టేషన్ నది దారిలోనే ఉంది.

డిసెంబర్ 31

మాట్లాడాడు. వాడు మాట్లాడాడు.

జనవరి 1

షాపు సెలవు. పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నాను. ఎలా జరిగిందో అలా రాస్తాను.

చక్రాల కుర్చీ స్టేషన్ తలుపులో పట్టలేదు. పెద్దాయన, నేను చెరోవైపు పట్టుకుని నడిపించి లోపల కూర్చోబెట్టాం. ఆ గది మీకు తెలిసిందే అని రాయబోయాను. ఎవరికి రాస్తున్నాను? చిన్న గది. గోడలకి పాత పరుపులు మేకులు కొట్టి ఉంటాయి చప్పుడు బయటికి పోకుండా. ఒక బల్ల, రెండు మైకులు, అద్దం అవతల పెద్దాయన. చిన్నోడు పరుపుల వంక చూశాడు. గుర్తుపట్టాడనుకున్నాను. హెడ్‌ఫోన్లు నేనే పెట్టాను.

"సెలవుల గోలకి స్వాగతం. ఎప్పట్లాగే మేమిద్దరం" అన్నాను మైకులో.

మొదటి పాటకి బాగానే ఉన్నాడు. అంటే కదల్లేదు. రెండోదానికి ఎడం చెయ్యి బల్ల మీద కొట్టడం మొదలెట్టాడు. తాళం వేస్తున్నాడని పెద్దాయనకి సైగ చేశాను. ఆయన బొటనవేలు చూపించాడు. మూడోది మా పాట. వాడి డ్రమ్ములు. నేనే చప్పుడు పెంచాను. ఇంకా గట్టిగా కొట్టాడు బల్లని. తర్వాత చెయ్యెత్తి హెడ్‌ఫోన్లు లాగాడు, ఒక వైపు ఊడి రెండో వైపు చెవికి పట్టుకుని ఉండిపోయింది. ఆ చెవి వైపు చెయ్యి పనిచెయ్యదు.

"ఆపు" అన్నాడు.

స్పష్టంగా. రెండక్షరాలూ. ఆ వెంటనే మళ్ళీ, ఆపు, ఆపు, ఆపు. ప్రతిసారీ ఇంకా పైకి. మైకు తెరిచే ఉంది. పాట మీద ఆ మాట పడుతుంటే అచ్చం పాటలో భాగంలాగే ఉంది. వాడి డ్రమ్ముల మీద వాడి గొంతు.

నేను నవ్వాను. సంతోషంతో నవ్వాను. "మాటొచ్చిందిరా" అంటూ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడు మొహం చూశాను. నోటి పక్క నుంచి చొంగ, కళ్ళ నుంచి నీళ్ళు, ప్యాంటు తడిసిపోయి కుర్చీలోంచి నేల మీదికి కారుతోంది. చెవి పట్టుకున్న ఆ హెడ్‌ఫోను నేను తియ్యాలి. తీశాను. కానీ పాట ఆపలేదు. చెయ్యి చాస్తే అందే దూరంలో బటను. పాట దానంతట అదే అయిపోయింది.

పెద్దాయన వేరే ఏదో పాట పెట్టి లోపలికి పరిగెత్తుకొచ్చాడు. నా కోటు చిన్నోడి ఒళ్ళో కప్పి టాక్సీలో తీసుకొచ్చాం. దారిలో నేను వాడి చెయ్యి పట్టుకుంటే లాక్కోలేదు. పట్టుకోలేదు కూడా.

వార్డు మెట్ల దగ్గర మరదలు నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. ప్రతి ఏడూ మా గోల వింటుందట, మొగుడి గొంతు కోసం. వాడిని వార్డులో దింపేసి ఈసారి నేనొక్కదాన్నే చేస్తాననుకుని రేడియో పెట్టుకుందట. తిడుతుందని ఎదురుచూశాను. వాడి తడి బట్టలు మార్చి, దుప్పటి కప్పి, వాడు పడుకున్నాక నా దగ్గరికొచ్చింది.

"రెండు నెలలుగా ఆయన నోట్లోంచి మొదటి మాట ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాను వదినా. నాకు రేడియోలో వినపడింది."

అంతే అంది.

జనవరి 3

పెద్దాయన షాపుకొచ్చాడు. ఈసారి కాలరు సాకు లేదు. గోల విన్నవాళ్ళ దగ్గర్నుంచి సందేశాలే సందేశాలట. ఆ మూడో పాటలో అరిచింది ఎవరు, ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది, ఇన్నేళ్ళలో ఇలాంటి గొంతు వినలేదు అని.

"ఆ ముక్క కోసి ఉంచాను. స్టేషన్ పేరు చెప్పేముందు రోజూ వేద్దాం. నువ్వు ఊఁ అంటే."

ఊఁ అనలేదు. ఊహూఁ అనీ అనలేదు. కొంచెం గర్వంగా అనిపించిన మాట నిజం. ఇన్నేళ్ళు అరిస్తే ఎవరూ అడగలేదు రికార్డు ఎక్కడ దొరుకుతుందని.

జనవరి 4

వాడు మళ్ళీ మాట్లాడలేదు. డాక్టరమ్మ చెప్పింది, బాగా భయమేసినప్పుడు, బాధ కలిగినప్పుడు అలా ఒక మాట తన్నుకొస్తుందట. దాన్ని పట్టుకుని లాగితే మిగతావి రావట. "ఇప్పుడు నోరు తెరవమంటేనే తల తిప్పేసుకుంటున్నారు. మళ్ళీ మొదటి నుంచి మొదలెడదాం" అంది. నన్ను ఏమీ అనలేదు. ఈ మధ్య ఎవరూ నన్నేమీ అనడం లేదు.

జనవరి 6

స్టేషన్‌కి వెళ్ళాను. ఆ ముక్క వినిపించమన్నాను. పెద్దాయన ఉత్సాహంగా పెట్టాడు.

నాకు వాడి గొంతు కంటే ముందు నా నవ్వు వినపడింది. వాడు ఆపు అంటున్నాడు, వెనకాల నేను నవ్వుతున్నాను. ఐదుసార్లన్నాడో ఆరుసార్లన్నాడో, మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని లెక్కపెట్టే ధైర్యం లేదు.

"చెరిపెయ్యండి" అన్నాను.

"సూదీ, ఇంత నిజమైన పంక్ మళ్ళీ దొరకదు. నీకు తెలియంది కాదు."

"అది పంక్ కాదు పెద్దాయనా. మా తమ్ముడు నొప్పి పుట్టి అరిచాడు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నా ఎదురుగానే చెరిపేశాడు. వచ్చే ఏడాది గోల సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. బయటికొచ్చాక బస్‌స్టాపులో కూర్చుంటే ఎందుకో చాలా ఆకలేసింది.

జనవరి 8

పాటలు తీసుకెళ్ళడం మొదలెట్టాక వార్డుకి ఉత్త చేతులతో వెళ్ళడం ఇదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడు గోడ వైపు తిరిగాడు. నేను కూర్చున్నాను. "నేనేరా" అన్నాను ఒకసారి. తర్వాత ఆ మాట కూడా ఎక్కువే అనిపించింది.

బయల్దేరుతుంటే మరదలు ఒక సంచీ చేతిలో పెట్టింది. నిండా వాడి చొక్కాలూ, ప్యాంట్లూ.

"బొత్తాలు పెట్టుకోలేకపోతున్నారు వదినా. ఒక్క చేత్తో కుస్తీ పడి పడి విసిరికొట్టేస్తున్నారు. మీరేమైనా చెయ్యగలరా?"

చెయ్యగలను. అదొక్కటే చెయ్యగలను.

జనవరి 10

మొదటి చొక్కాకి బొత్తాలు తీసి అంటుకునే వెల్క్రో పట్టీలు కుట్టాను, ముళ్ళ పట్టీ ఒకవైపు, నూగు పట్టీ ఒకవైపు. పైన బొత్తాలు ఉత్తుత్తిగా, అందానికి. షాపులో ముసలివాళ్ళకి ఇలాగే చేస్తాం. బాగా కుదిరింది. వార్డుకి తీసుకెళ్తే తొడుక్కుని చూశాడు, ఒక్క చేత్తోనే అంటించుకున్నాడు. మరదలు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది.

విప్పేటప్పుడు పట్టీ చర్రుమంది. వాడి భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. మరదలు చూడలేదు, మడత పెడుతోంది. నేను చూశాను.

ఆ చొక్కా వెనక్కి తెచ్చేశాను.

జనవరి 11

పట్టీలన్నీ విప్పేశాను. చొక్కాలన్నిటికీ ముందు భాగం మొత్తం మూసి కుట్టేసి, పైన రెండు బొత్తాల మేర తెరిచి ఉంచాను. తల మీద నుంచి దూర్చుకుంటే చాలు. చేతుల దగ్గర ఎలాస్టిక్. ప్యాంట్లకి జిప్పులు తీసేసి నడుముకి కూడా ఎలాస్టికే. ప్రతి చొక్కా నేనే తొడుక్కుని విప్పి చూశాను, కళ్ళు మూసుకుని, ఏమైనా వినపడుతుందా అని. గుడ్డ ఒరుసుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

జనవరి 14

వెళ్ళిపోయారు. మరదలి చెల్లెలు కారు తీసుకొచ్చింది. వాడు నేను కుట్టిన నీలం చొక్కాలో ఉన్నాడు, తనంతట తనే తొడుక్కున్నాడట. వెనక మడత పడి ఉంటే సరిచేద్దామని చెయ్యి చాచి, అడిగాను, "సరిచెయ్యనా?" అని. చాలాసేపు ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు. మడతతోనే కారెక్కాడు.

మరదలు కిటికీ దించి, "ఫోన్ చెయ్యండి వదినా. మాట్లాడలేరు గానీ, వింటారు" అంది. తర్వాత ఏమనుకుందో, "నెమ్మదిగా మాట్లాడండి" అంది.

కారు మలుపు తిరిగాక, పాట ఏదైనా పెట్టుకుందామని ఇంటికొచ్చాను. పెట్టుకోలేదు.

జనవరి 19

రోజూ ఫోను తీసి పెట్టేస్తున్నాను. ఏం చెప్పను? మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నది ఎప్పుడూ ఇవే. ఆ డ్రమ్ములు విను, ఈ గిటారు విను, ఇది చెత్త, అది బంగారం. అవి తీసేస్తే వాడికి ఏమిష్టమో నాకు తెలియదు. చేపలు పట్టడం ఇష్టమట. మరదలు చెప్పింది. నాకు తెలియనే తెలియదు.

జనవరి 20

చేశాను. మరదలు ఎత్తి, "ఇస్తున్నా వదినా" అని వాడి చెవి దగ్గర పెట్టింది.

"ఏరా" అన్నాను.

ఊపిరి వినపడింది. చెప్పాలనుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. షాపు గురించి, క్షమించమని, చేపల గురించి అడగాలని. నోరు మూసుకుని ఉన్నాను. అటువైపు ఎక్కడో తలుపు తీసిన చప్పుడు, ఎవరో నీళ్ళు పోస్తున్నారు, కుర్చీ కొంచెం కిర్రుమంది. వాడి ఊపిరి ముక్కులో సన్నగా ఈల వేస్తుంది, చిన్నప్పుడూ అంతే, ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, ఆ ఈలకి విసుక్కుని తన్నేదాన్ని. ఇన్నేళ్ళూ దాన్ని వినలేదు. ఇవాళ విన్నాను. వాడూ వింటున్నాడు, నా వైపు ఏముందో మరి.

ఎంతసేపో తెలియదు. మరదలు తీసుకుంటుందనుకున్నాను. కానీ అటునుంచి వేలు తడబడుతూ గీరుకున్నట్టు వినపడింది, ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి బటను దొరికింది.

వాడే పెట్టేశాడు.